భిన్నాల గుణకారం, భాగహారం: తెర మీద పిల్లలకు నేర్పే పద్ధతి, మొదటి రోజు నుంచి చివరి పరీక్ష వరకు

విశాఖపట్నంలో గాజువాక వైపు సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "యాప్ వేసి ఇచ్చాం, అందులో అన్నిటికీ పచ్చ టిక్కే వస్తోంది, బడిలో పరీక్ష పెడితే మాత్రం తప్పుతున్నాడు. ఎందుకు?" ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంట్లో నేర్పాలనుకునే వారికీ, బడిలో ప్యానెల్ (గోడకు పెట్టిన పెద్ద టచ్ తెర) ముందు నిలబడి చెప్పే టీచర్లకూ ఇది పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెబుతాను, చివరిదాకా దాన్నే పట్టుకుని నడుస్తాం. భిన్నాల్లో పిల్లలు చేసే తప్పుల్లో సగానికి పైగా ఒకేచోట పుడతాయని నా అనుభవం. "ఇక్కడ ఒకటి అంటే ఏది?" అన్న ప్రశ్న వాళ్లు వేసుకోరు. సాఫ్ట్‌వేర్ ఉపయోగపడేది ఆ ఒకటిని కళ్లకు కట్టడానికి. జవాబు సరి చూసుకోవడానికి మాత్రమే వాడితే అంకెల వెనక ఉన్న పరిమాణం పిల్లలకు కనబడదు.

1. మొదలుపెట్టే ముందు పిల్లలకు ఏమి వచ్చి ఉండాలి

గుణకారంలోకి నేరుగా దూకకండి. కాగితం, పెన్సిల్ ఇచ్చి ముందు ఈ అయిదు చూడండి.

□ ఒక పట్టీని 5 సమాన భాగాలు చేసి అందులో 3/5 రంగు వేయగలరా?
□ 3/4, 6/8 సమానమని బొమ్మ గీసి చూపగలరా? (సూత్రం చెబితే చాలదు, గీయాలి.)
□ 7/4ను 1¾గా, 1¾ను 7/4గా రాయగలరా?
□ సంఖ్యారేఖ మీద 2/3ను సున్నాకు, ఒకటికి మధ్య సరైన చోట పెట్టగలరా?
□ పది వరకు ఎక్కాలు తడుముకోకుండా వచ్చా?

నాలుగో దాంట్లో తడబడే పిల్లలు చాలామంది ఉంటారు. 2/3 అంటే రెండు వేరు, మూడు వేరు, మధ్యలో గీత అనుకునేవాళ్లు దాన్ని సంఖ్యారేఖ మీద ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేరు. ఈ అయిదింటిలో రెండు రాకపోతే ఒక వారం ఆగి వాటినే నేర్పండి. ఆ వారం వృథా కాదు, తరువాత నెల రోజుల కష్టం తగ్గుతుంది.

2. ఏ సాఫ్ట్‌వేర్ దేనికి

నేను వాడేవి నాలుగు. అన్నీ ఉచితం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి.

ఫెట్: అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన సిమ్యులేషన్లు, అంటే పిల్లలే కదిపి చూసుకునే బొమ్మలు. "ఫ్రాక్షన్స్ ఇంట్రో", "బిల్డ్ ఎ ఫ్రాక్షన్", "ఫ్రాక్షన్ మ్యాచర్" అనే మూడూ పునాదికి బాగుంటాయి. ఒకే భిన్నాన్ని వృత్తంగా, పట్టీగా, సంఖ్యారేఖ మీద చుక్కగా మార్చి చూడవచ్చు. సిమ్యులేషన్‌ను ముందే దించుకుని పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఈ మూడింటిలో గుణకారం, భాగహారం లేవు, వాటి కోసం ఇక్కడ వెతుక్కోవద్దు. పైన చెప్పిన అయిదు అంశాలు సరిచేయడానికి వాడండి.

పాలీప్యాడ్: ఖాళీ బల్ల లాంటి తెర. భిన్నాల పట్టీలు, వృత్తం ముక్కలు, సంఖ్యారేఖ అన్నీ పక్క జాబితాలో ఉంటాయి, లాగి బల్ల మీద పెట్టుకోవడమే. భాగహారానికి నాకు దీన్ని మించింది కనబడలేదు.

మ్యాథ్ లెర్నింగ్ సెంటర్ వారి "ఫ్రాక్షన్స్": పట్టీని ఎన్ని భాగాలు చేయాలో ఎంచుకుని రంగు పోయడమే పని. హడావిడి బొమ్మలు, సంగీతం ఏమీ ఉండవు. చిన్న పిల్లలకు ఇదే మొదలు.

జియోజెబ్రా: గుణకారానికి కావలసిన గళ్ల బొమ్మలు ఇందులో ఉపాధ్యాయులు తయారుచేసి పెట్టినవి బోలెడు ఉన్నాయి. దాని వెతుకు పెట్టెలో ఇంగ్లిష్‌లో "ఫ్రాక్షన్ మల్టిప్లికేషన్ ఏరియా మోడల్" అని కొట్టండి. వచ్చినవన్నీ మంచివి కావు. పిల్లలకు ఇచ్చే ముందు మీరు కూర్చుని ఈ పరీక్ష పెట్టండి.

□ "ఒకటి" గీత గీసి స్పష్టంగా కనబడుతోందా, అంకెలు మార్చినా దాని పరిమాణం మారకుండా ఉంటోందా?
□ లవం, హారం పిల్లలే స్లైడర్‌తో మార్చుకోగలరా?
□ జవాబును దాచిపెట్టే వీలుందా?
□ 6/12 అని రాస్తే ఒప్పుకుంటోందా, లేక 1/2 అంటేనే పచ్చ టిక్కు ఇస్తోందా?
□ భాగహారంలో మిగిలిన ముక్కను తెర మీద చూపిస్తోందా, లేక జవాబులో కలిపేసి మాయం చేస్తోందా?

మొదటిది, మూడోది లేని బొమ్మను పక్కన పెట్టేయండి. మిగతావి లేకపోతే మీరు మాటతో పూడ్చుకోవచ్చు.

ఒక సలహా: నాలుగూ ఒకేసారి పరిచయం చేయవద్దు. పాలీప్యాడ్ ఒకటి, నచ్చిన జియోజెబ్రా బొమ్మ ఒకటి చాలు. ప్రశ్నలు అడిగి మార్కులు వేసే ఆటల యాప్‌లు అసలు మొదట్లో వద్దు. అవి సాధనకు, అదీ చివరి వారంలో.

3. పరికరం, గది, నోటుపుస్తకం

ఫోను తెర ఈ పనికి ఇరుకు. పట్టీని లాగుతున్న వేలే ఆ పట్టీని కప్పేస్తుంది. ల్యాప్‌టాప్ గానీ, పెద్ద ట్యాబ్ గానీ ఉంటే మేలు. ఫోను తప్ప మరేదీ లేకపోతే అడ్డంగా తిప్పి, వీలైతే ఇంట్లో టీవీకి కలపండి. అన్నయ్యకో అక్కకో బడిలో ఇచ్చిన ట్యాబ్ ఉంటే ముందు చూసుకోండి, అలాంటి చాలావాటిలో కొత్త యాప్‌లు వేసుకోవడం కుదరదు. నాడు-నేడు పనుల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ వచ్చిన బడుల్లో టీచర్లకు ఈ ఇబ్బంది లేదు. అయితే అక్కడ టీచరే అన్నీ లాగి చూపిస్తే పిల్లలకు అది సినిమా అవుతుంది. ప్యానెల్ దగ్గరకు పిల్లలు రావాలి.

ఇద్దరు పిల్లలకు ఒక పరికరం ఇవ్వండి. ఒకరు చెప్పాలి, ఇంకొకరు లాగాలి. చెప్పేవాళ్లు తెరను ముట్టుకోకూడదు. "ఆ ముక్కను అక్కడ పెట్టు" అంటే కుదరదు, "పావు ముక్కను ముప్పావు పట్టీ కింద పెట్టు" అనాలి. అయిదు లెక్కలకోసారి చోట్లు మార్చుకోవాలి. ఇంట్లో ఒక్కరే ఉంటే చెప్పే పని మొదట పిల్లలది, లాగే పని మీది.

నోటుపుస్తకంలో పేజీని నాలుగు నిలువు గళ్లు చేయండి: లెక్క, నా అంచనా, నా బొమ్మ, తెర చూపింది. రెండో గడి నిండే వరకు తెరను ముట్టుకోకూడదు. ఈ నియమం ఒక్కటి సడలించకండి. అంచనా అంటే ఖచ్చితమైన జవాబు కానక్కరలేదు: "ఒకటి కన్నా తక్కువ", "సగం దగ్గర్లో", "మొదటి సంఖ్య కన్నా ఎక్కువ" అంటే సరిపోతుంది. మొదట్లో పిల్లలు దీన్ని విసుక్కుంటారు. వారం తిరిగేసరికి అంచనా తప్పినప్పుడు వాళ్లే ఆగి "ఎందుకిలా వచ్చింది?" అంటారు. పాఠం అక్కడ మొదలవుతుంది.

4. గుర్తు కన్నా ముందు మాట

మన భాషలో భిన్నాలు ఇంట్లోనే ఉన్నాయి. సగం, పావు, ముప్పావు, అరపావు. పావులో సగం అరపావు అని రైతు బజారులో అల్లం, పచ్చిమిర్చి కొనేవారందరికీ తెలుసు. అది 1/2 × 1/4 = 1/8 అని మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పరు.

బడిలో 2/3ను "రెండు బై మూడు" అంటారు. ఇంట్లో మీరు "మూడింట రెండు వంతులు" అనండి. మొదట మూడు భాగాలు చేయాలి, తరువాత అందులో రెండు తీసుకోవాలి. తెర మీద చేయవలసిన పనుల వరుస కూడా సరిగ్గా అదే. మాటలోని వరుస చేతికి దారి చూపిస్తుంది.

అలాగే గుణకారం గుర్తును మొదటి వారమంతా "లో" అని చదివించండి. 2/3 × 3/4 అంటే "ముప్పావులో మూడింట రెండు వంతులు". భాగహారాన్ని "ఎన్నిసార్లు" అని చదివించండి. 3 ÷ 1/4 అంటే "మూడులో పావు ఎన్నిసార్లు ఉంది?" ఈ రెండు చదివే తీరులూ నోటికి వచ్చాకే తెర తెరవండి.

5. గుణకారం: అయిదు మెట్లు

మెట్టు 1: పూర్ణసంఖ్య సార్లు భిన్నం. 5 × 3/4. సంఖ్యారేఖ తీసుకుని ముప్పావు చొప్పున అయిదు గెంతులు వేయించండి. 15/4 దగ్గర ఆగుతుంది, అంటే 3¾. ఇది తెలిసిన కూడికే కాబట్టి ఒక్క పూటలో అయిపోతుంది. ఇక్కడ చదువు "లో" కాదు, "అయిదు సార్లు ముప్పావు".

మెట్టు 2: పూర్ణసంఖ్యలో భిన్నం. 12లో 3/4. పన్నెండు గళ్ల పట్టీని నాలుగు గుంపులు చేసి మూడు గుంపులకు రంగు. 9. జవాబు 12 కన్నా తగ్గిందని పిల్లల చేతే అనిపించండి. "గుణిస్తే పెరుగుతుంది" అన్న పాత నమ్మకానికి ఇక్కడ మొదటి దెబ్బ తగలాలి.

మెట్టు 3: భిన్నంలో సగం. 3/4లో సగం. చాలామంది పిల్లలు మూడు ముక్కల్లో సగం అనగానే "ఒకటిన్నర ముక్క" అంటారు. అది తప్పు కాదు! తెర మీద ప్రతి పావు ముక్కను రెండు చేయించండి. ఇప్పుడు ముప్పావులో ఆరు చిన్న ముక్కలు, వాటిలో సగం మూడు. ఆ ముక్క పేరేమిటి? మొత్తం పట్టీలో అలాంటివి ఎనిమిది పడతాయి కాబట్టి ఎనిమిదో వంతు. జవాబు 3/8. ముక్కకు పేరు పెట్టేటప్పుడు ముప్పావును కాకుండా మొత్తం పట్టీని చూడాలని ఇక్కడే గట్టిగా పట్టించండి.

మెట్టు 4: భిన్నంలో భిన్నం, గళ్ల బొమ్మతో. దీనికి రెండు మూడు రోజులు కేటాయించండి.

2/3 × 3/4 తీసుకుందాం. ఒక పళ్లెం నిండా మాడుగుల హల్వా ఉంది, దీర్ఘచతురస్రంగా. కొంత తిన్నాక ముప్పావు పళ్లెం మిగిలింది. దానిలో మూడింట రెండు వంతులు పక్కింటికి ఇచ్చాం. మొత్తం పళ్లెంలో ఎంత ఇచ్చినట్టు?

అ) ముందు నిలువుగా నాలుగు భాగాలు చేసి మూడింటికి ఒక రంగు వేయాలి.
ఆ) తరువాత అడ్డంగా మూడు భాగాలు. ఈ అడ్డగీతలు రంగు వేసిన చోటే ఆగిపోకుండా పళ్లెం చివరిదాకా సాగాలి.
ఇ) రెండు అడ్డవరుసలకు రెండో రంగు వేయాలి.
ఈ) రెండు రంగులూ కలిసిన గళ్లు లెక్కపెట్టాలి: ఆరు. పళ్లెం మొత్తం గళ్లు: పన్నెండు. ఇచ్చింది 6/12, అంటే సగం పళ్లెం.

ఇప్పుడు ఇలా విడదీసి అడగండి: "మూడింట రెండు వంతులు అన్నప్పుడు ఒకటి ఏది?" మిగిలిన ముప్పావు. "6/12 అన్నప్పుడు ఒకటి ఏది?" మొత్తం పళ్లెం. ఒకే లెక్కలో ఒకటి మారిపోయింది. అది పట్టుకున్న పిల్లలకు భిన్నాల గుణకారం వచ్చినట్టే.

స్లైడర్లు కదిపించి పది పన్నెండు లెక్కలు చేయించండి, నోటుపుస్తకంలో ప్రతి దానికీ రంగులు కలిసిన గళ్లు, మొత్తం గళ్లు రాయించండి. లవాల లబ్ధం, హారాల లబ్ధం అన్న సూత్రాన్ని మీరు చెప్పకండి. ఆరో ఏడో లెక్క దగ్గర వాళ్లే అంటారు. అనకపోతే ఇంకో నాలుగు లెక్కలు ఇవ్వండి, ఆగండి.

మెట్టు 5: మిశ్రమ భిన్నాలు. 1½ గజాల వెడల్పు, 2⅓ గజాల పొడవు ఉన్న చాప వైశాల్యం ఎంత? పిల్లలు 1 × 2, ½ × ⅓ చేసి 2⅙ అంటారు. బొమ్మ గీస్తే చాప నాలుగు ముక్కలుగా కనబడుతుంది: 2, 1/3, 1, 1/6. కలిపితే 3½ చదరపు గజాలు. వాళ్లు వదిలేసిన రెండు ముక్కలూ తెర మీద బోసిగా కనబడతాయి, చెప్పనక్కరలేదు. నమ్మకం కుదరకపోతే అడుగుల్లో చూపండి. గజానికి మూడు అడుగులు, కాబట్టి చాప 4½ అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. 31½ చదరపు అడుగులు. చదరపు గజానికి 9 చదరపు అడుగులు, భాగిస్తే మళ్లీ 3½.

6. భాగహారం: ఇక్కడ తొందరపడకండి

బడుల్లో భాగహారం ఒక్క పీరియడ్‌లో "తలకిందులు చేసి గుణించు" అని ముగిసిపోతుంది. పిల్లలు జవాబులు రాస్తారు, నెల తరువాత ఏది తలకిందులు చేయాలో మరిచిపోతారు. ఆ సూత్రాన్ని రెండు వారాలు దాచిపెట్టండి. పిల్లలు బడిలో ముందే విని వస్తే "అది తరువాత, ముందు పట్టీలతో" అనండి.

మెట్టు 1: పంచడం. 3/4 ÷ 3. మూడు పావు ముక్కలు ముగ్గురికి, ఒక్కొక్కరికి పావు. తరువాత 3/4 ÷ 2. ముక్కలు సరిగ్గా పంచబడవు కాబట్టి ప్రతి ముక్కనూ రెండు చేయాలి, జవాబు 3/8. గుణకారం మూడో మెట్టులో ఇదే చేశాం అని పిల్లలు గుర్తుపడితే ఆనందించండి.

మెట్టు 2: కొలవడం. 3 ÷ 1/4. మూడు నిండు పట్టీల కింద పావు పట్టీలు వరుసగా పేర్చించండి. పన్నెండు పడతాయి. "భాగిస్తే తగ్గాలి కదా" అంటారు. మూడు లీటర్ల మజ్జిగను పావు లీటరు గ్లాసుల్లో పోస్తే ఎన్ని గ్లాసులని అడగండి.

మెట్టు 3: ఒకే హారం. 6/8 ÷ 2/8. ఆరు మామిడికాయలను రెండేసి చొప్పున పెడితే మూడు కుప్పలు. ఆరు ఎనిమిదో వంతులను రెండేసి చొప్పున పెట్టినా మూడు కుప్పలే. హారాలు ఒకటే అయితే లవాలను భాగిస్తే సరి.

మెట్టు 4: వేరు హారాలు. 3/4 ÷ 1/8. ముప్పావు పట్టీని ఎనిమిదో వంతుల్లోకి మార్చాలి: 6/8. ఇప్పుడు మూడో మెట్టే. జవాబు 6. గుణకారంలో హారాలు సమం చేయనక్కరలేదు, ఇక్కడ చేస్తే లెక్క సులువు అవుతుంది. ఈ తేడాను నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించండి.

మెట్టు 5: మిగులు ఉన్న లెక్క. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

లెక్క ఇది: పూర్ణా మార్కెట్‌లో రెండు మూరల మల్లెపూలు కొన్నాం. ఒక్కో జడకు ముప్పావు మూర కావాలి. ఎన్ని జడలకు వస్తాయి? 2 ÷ 3/4. ఆ అమ్మాయి రెండు నిండు పట్టీల కింద ముప్పావు పట్టీలు రెండు పెట్టింది. ఒకటిన్నర అయింది, సగం మిగిలింది. నోటుపుస్తకంలో 2½ అని రాసి జవాబు తెరిచింది. తెర మీద 2⅔ ఉంది. రబ్బరు తీసి చెరపబోయి ఆగింది. "టీచర్, కంప్యూటర్ తప్పు చెప్పింది. మిగిలింది సగమే. చూడండి" అని తెర మీద ఆ ఖాళీని వేలితో కొలిచి చూపించింది.

ఆ అమ్మాయి కొలత సరైనదే. మిగిలింది అర మూరే. నేను "రెండున్నర ఏమిటి?" అని మాత్రం అడిగాను. "జడలు" అంది. "మరి సగం ఏమిటి?" చాలాసేపు మాట్లాడలేదు. అర పట్టీని లాగి ముప్పావు పట్టీ కింద పెట్టింది. రెండింటినీ పావులు చేసింది. పైన మూడు, కింద రెండు. "అర మూరే టీచర్, కానీ జడలో మూడింట రెండు వంతులు" అంది.

అదే ఈ మెట్టు. మిగులును కొలవాల్సింది మూరతో కాదు, జడతో. భాగహారంలో జవాబుకు "ఒకటి" అంటే భాజకం, ఇక్కడ ముప్పావు మూర. కాబట్టి మిగులు ముక్కను ప్రతిసారీ భాజకం పట్టీ కిందకు లాగించండి, అందులో ఎన్నో వంతో చెప్పించండి. మీరు చెప్పకండి. ఆ మౌనం ఎంతసేపైనా సరే, భరించండి.

ఇదే తరహావి: 1 ÷ 2/3 (జవాబు 1½, పిల్లలు 1⅓ అంటారు), 5/6 ÷ 1/3 (జవాబు 2½), 1½ ÷ 2/3 (జవాబు 2¼).

మెట్టు 6: భాజకమే పెద్దదైతే. 1/4 ÷ 1/2. పావు మూర పూలే ఉన్నాయి, జడకు అర మూర కావాలి. ఎన్ని జడలు? సగం జడ. "చేయలేం" అనే పిల్లలకు "పూర్తి జడకు చాలవు, మరి ఎంత జడకు చాలతాయి?" అని అడగండి.

7. తలకిందులు చేసే సూత్రం ఎక్కడి నుంచి వస్తుందో చూపడం

ఇప్పుడు సూత్రానికి వేళయింది. తెర మీద ఒక్క నిండు పట్టీ పెట్టండి.

అ) 1 ÷ 1/4 ఎంత? 4. ఒకటిలో నాలుగు పావులు.
ఆ) 1 ÷ 3/4 ఎంత? ఆ నాలుగు పావులను మూడేసి చొప్పున కట్టాలి. నాలుగును మూడుతో భాగిస్తే 4/3.
ఇ) 2 ÷ 3/4 ఎంత? పట్టీలు రెండింతలు, కాబట్టి జవాబూ రెండింతలు: 2 × 4/3 = 8/3 = 2⅔.
ఈ) 1/2 ÷ 3/4 ఎంత? సగం పట్టీ, కాబట్టి 1/2 × 4/3 = 4/6 = 2/3.

4/3 అంటే 3/4కు వ్యుత్క్రమం. అది "ఒక్క నిండు పట్టీలో ముప్పావులు ఎన్ని" అన్న ప్రశ్నకు జవాబు. అందుకే తలకిందులు చేసేది భాజకాన్ని. విభాజ్యానికి (భాగించబడే సంఖ్యకు) ఆ ప్రశ్న లేదు, దాన్ని ముట్టుకోకూడదు. పూల లెక్కలోని 2⅔ ఇక్కడ మళ్లీ వచ్చిందని పిల్లల చేత వెనక్కి తిప్పి చూపించండి.

8. తరచుగా వచ్చే తప్పులు, వాటికి మందు

ఆకుపచ్చ టిక్కు వచ్చేదాకా నొక్కడం. ఇది చాలా యాప్‌లలో కుదురుతుంది. మందు: నాలుగు గళ్ల నోటుపుస్తకం. బొమ్మ లేని జవాబుకు విలువ లేదని మొదటి రోజే చెప్పండి.

గుణకారంలో హారాలు సమం చేయడం. కూడిక అలవాటు. జవాబు తప్పు రాదు, కానీ పని పెరుగుతుంది, 24/144 లాంటివి వస్తాయి. మందు: గళ్ల బొమ్మ. నిలువు గీతలు, అడ్డగీతలు వేరువేరుగా ఉన్నప్పుడు సమం చేయాల్సిన పనే కనబడదు.

గుణకారానికి వృత్తాలు వాడటం. ఇది పిల్లల తప్పు కాదు, నేర్పేవారిది. సగం, పావు దగ్గర వృత్తం ముద్దుగా ఉంటుంది, మూడింట రెండులో అయిదింట మూడు వంతులు గీయాలంటే నరకం. భిన్నంలో భిన్నానికి దీర్ఘచతురస్రమే వాడండి.

రెండు లెక్కలకు రెండు పరిమాణాల "ఒకటి". పట్టీని సాగదీసే వీలున్న చోట పిల్లలు తెలియకుండా ఒక పట్టీని పొడవు చేస్తారు. అప్పుడు 1/3 పట్టీ 1/2 కన్నా పెద్దదిగా కనబడుతుంది. మందు: ప్రతి లెక్క మొదట్లో నిండు పట్టీని పైన పెట్టి కదపకుండా ఉంచాలి.

అడ్డంగా గుణించడం. 2/3 × 3/4 అనగానే 8/9 అంటారు. భిన్నాలను పోల్చేటప్పుడు నేర్చిన పద్ధతి ఇక్కడికి వచ్చేస్తుంది. మందు: అంచనా గడి చూపండి. ముప్పావులో కొంత భాగమే తీసుకున్నాం, 8/9 ముప్పావు కన్నా పెద్దది, ఎలా వస్తుంది?

ముందే కొట్టివేతలు. లవం, హారం మధ్య అంకెలు కొట్టేసి సూక్ష్మరూపం తేవడం పెద్దలకు ఇష్టం. బొమ్మలో గళ్లు లెక్కపెట్టడం పూర్తిగా వచ్చే వరకు దాన్ని ఆపండి. 6/12 అని రాసిన పిల్లలకు పూర్తి మార్కులు ఇవ్వండి, తరువాత 1/2 చేయించండి.

9. ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు

రోజుకు ముప్పై అయిదు నిమిషాలు చాలు. అందులో తెర ముందు ఇరవై నిమిషాలకు మించవద్దు. మొదటి అయిదు నిమిషాలు మాటలతో, చివరి పది నిమిషాలు కాగితం మీద.

□ 1వ వారం: మాటలు, గుణకారం 1, 2, 3 మెట్లు
□ 2వ వారం: గుణకారం 4, 5 మెట్లు
□ 3వ వారం: భాగహారం 1 నుంచి 4 మెట్లు
□ 4వ వారం: భాగహారం 5, 6 మెట్లు, సూత్రం
□ 5వ వారం: కలగలుపు లెక్కలు, ఇష్టమైతే ఆటల యాప్

ఇది ఏడో తరగతి పిల్లలను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. ఆరో తరగతివారికి రెండో వారాన్ని రెండు వారాలు చేయండి. కరెంటు పోయిన రోజు పాఠం ఆపనక్కరలేదు, పాత క్యాలెండర్ వెనక పట్టీలు గీసి కత్తిరించుకుంటే అదే పాలీప్యాడ్.

10. తెర ఆపాక పెట్టే పరీక్ష

ఫోను, ట్యాబ్ పక్క గదిలో పెట్టండి. తెల్ల కాగితం, స్కేలు, పెన్సిల్ ఇవ్వండి. ఈ నాలుగు అడగండి.

అ) 3/5 × 2/3కు బొమ్మ గీసి జవాబు చెప్పు.
ఆ) 2/3 ÷ 1/6కు సరిపడే ఒక కథ నువ్వే చెప్పు. (పిల్లలు "సగం పంచాం" లాంటి కథ చెబితే గుణకారాన్ని, భాగహారాన్ని కలిపేస్తున్నారని అర్థం.)
ఇ) లెక్క చేయకుండా చెప్పు: 7/8 × 5/6 జవాబు 7/8 కన్నా ఎక్కువా, తక్కువా? 7/8 ÷ 5/6 ఎలా ఉంటుంది?
ఈ) 3 ÷ 4/5 చేసి, జవాబులోని భిన్నం దేనిలో భాగమో చెప్పు.

మొదటిది రాకపోతే గుణకారం నాలుగో మెట్టుకు వెళ్లండి. రెండోది రాకపోతే రెండు రోజులు తెర తెరవకండి, కథలే చెప్పించండి. మూడోది తప్పితే అంచనా గడి ఎక్కడో ఖాళీగా వదిలేశారని అర్థం, నోటుపుస్తకం వెనక్కి తిప్పి చూడండి.

నాలుగో దానికి జవాబు 3¾. ఆ ముప్పావు "ఒకటిలో ముప్పావు" అంటే మళ్లీ మల్లెపూల లెక్క దగ్గరికి తీసుకెళ్లండి. "4/5లో ముప్పావు" అంటే ఆ పిల్లలకు ఇక భిన్నాల్లో మీ సాయం అక్కరలేదు, దశాంశాలు మొదలుపెట్టవచ్చు.